కొసరు, బేరం, ఖాతా: నెల్లూరు అంగడి చరిత్ర

ప్రతిపాదన

2006 చివరలో రిలయన్స్ సంస్థ తన తొలి ఫ్రెష్ దుకాణాలను హైదరాబాదులో ప్రారంభించింది. 1986 నుంచి అదే నగరంలో నడుస్తున్న త్రినేత్ర సూపర్ మార్కెట్లను 2007లో ఆదిత్య బిర్లా సంస్థ కొని, 'మోర్' అనే పేరు కిందికి తెచ్చింది. ఒకే యాజమాన్యం, ఒకే పేరు, ఒకే ధరల పట్టికతో ఊరూరా వెలసే ఇటువంటి దుకాణాలను తెలుగు పత్రికలు గొలుసుకట్టు దుకాణాలు అంటున్నాయి. అవి నెల్లూరు వంటి జిల్లా కేంద్రాలకు చేరిన నాటి నుంచి వీధి అంగడి క్షీణత గురించి చర్చ సాగుతూనే ఉంది. ఆ చర్చ సాధారణంగా గొలుసుకట్టు దుకాణాల రాకను కారణంగానూ, అంగడి మూతపడటాన్ని ఫలితంగానూ చూపుతుంది.

ఈ వ్యాసం ఆ క్రమాన్ని మరికొంత వెనక్కు జరిపి చూస్తుంది. అంగడి యజమాని చేతిలో మూడు అధికారాలు ఉండేవి. సరుకును కొలిచి ఇవ్వడం మొదటిది. దాని గుర్తు కొసరు. ధర చెప్పడం రెండవది. దాని గుర్తు బేరం. అప్పు పెట్టడం మూడవది. దాని గుర్తు ఖాతా. వీటిలో మొదటి రెండూ గొలుసుకట్టు దుకాణాలు రాకముందే, 1956 నుంచి 1990 దాకా వచ్చిన చట్టాల వల్లా, పొట్లం స్థానాన్ని ఆక్రమించిన ప్యాకెట్టు వల్లా చాలావరకు తరిగిపోయాయి. కొత్త దుకాణం వచ్చేనాటికి అంగడికి మిగిలిన బలం ఖాతా ఒక్కటే. కాబట్టి ఈ మార్పులో ఎవరికి ఎంత నష్టం కలిగిందో తెలియాలంటే ఖాతా దగ్గరే వెతకాలి. నెల్లూరు పట్టణం, దాని తీర గ్రామాలు ఈ పరిశీలనకు ఆధారం.

అంగడి, పేట, బజారు

సరుకులు అమ్మే చోటును కృష్ణా, గుంటూరు ప్రాంతాల వారు కొట్టు అనీ, తెలంగాణవారు దుకాణం అనీ అనడం పరిపాటి. నెల్లూరు, చిత్తూరు, రాయలసీమ ప్రాంతాల్లో అంగడి అనే మాటదే ప్రాబల్యం. దుకాణం అరబీ, పారశీక భాషల మీదుగా వచ్చిన పదం. అంగడి ద్రావిడ పదం. కన్నడంలో అదే రూపంలో, తమిళంలో అంగాడిగా ఉంది. తమిళ కావ్యం 'శిలప్పదికారం' పగటి అంగడిని నాళంగాడి అనీ, రాత్రి అంగడిని అల్లంగాడి అనీ వేరు చేసి చెప్పింది. తమిళనాటికి పొరుగున ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న నెల్లూరులో ఈ ప్రాచీన పదం నిలిచి ఉండటం సహజమే.

నెల్లూరు పేటల పేర్లను వరుసగా చూస్తే వర్తక చరిత్రలోని పొరలు కనిపిస్తాయి. సంతపేట పేరులో సంత ఉంది. పెద్దబజారు, చిన్నబజారు అనే పేర్లలోని బజారు పారశీక పదం. ఆర్కాటు నవాబుల ఏలుబడిని చూసిన ఊళ్లో ఆ మాట వినిపించడంలో వింత లేదు. 1801లో నవాబు నుంచి ఈ సీమ ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వెళ్లింది. 19వ శతాబ్దపు కలెక్టరు స్టోన్‌హౌస్ పేరుతో ఏర్పడిన స్టోన్‌హౌస్‌పేట ఆ దశకు గుర్తు. వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయం ఉన్న ఆ పేట టోకు వర్తకానికి కేంద్రమయింది. కలకత్తా, మద్రాసులను కలిపే దారి ఊరి నడుమ నుంచి పోయినందున ట్రంకు రోడ్డు అనే పేరు వచ్చింది.

ఈ వర్తకానికి తీరం ఒక వైపు ఆధారం, పెన్నా ఆయకట్టు మరో వైపు ఆధారం. కృష్ణపట్నం రేవు మధ్యయుగ శాసనాల్లో గండగోపాలపట్టణం అనే పేరుతోనూ కనిపిస్తుంది. బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టి 1905లో ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసన సంపుటాలు ఈ ప్రాంతపు వర్తక చరిత్రకు నేటికీ మూలాధారాలు. 1855లో నెల్లూరు ఆనకట్ట, తరువాత సంగం ఆనకట్ట వరి సాగును పెంచాయి. బకింగ్‌హాం కాలువ, 1899 నాటికి మద్రాసును బెజవాడతో కలిపిన రైలు మార్గం ధాన్యాన్ని దక్షిణానికి మోశాయి. ధాన్యం వెళ్లిన దారిలోనే పప్పు, బెల్లం, సుగంధ ద్రవ్యాలు, గుడ్డలు తిరిగి వచ్చాయి. స్టోన్‌హౌస్‌పేటలో దిగిన సరుకు చిన్నబజారుకూ, అక్కడి నుంచి కోవూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు పల్లె అంగళ్లకూ చేరేది. వీధి చివర కనిపించే చిన్న అంగడి ఈ పొడవైన వరుసలో చివరి మెట్టు. దాని భవితవ్యం ఆ వరుస మొత్తంతో ముడిపడి ఉంది.

కొలత: కొసరు

గిద్దలు నాలుగయితే సోల, సోలలు రెండయితే తవ్వ, తవ్వలు రెండయితే మానిక. గింజల కొలతలు ఇవి. తూకంలో పలం, శేరు, వీశె, మణుగు ఉండేవి. మద్రాసు లెక్కలో వీశె 40 పలాలు, మణుగు 8 వీశెలు. లెక్క ఒకటే అయినా కొలపాత్ర ఊరికొక తీరుగా ఉండేది. మానికను తలకొట్టి కొలవడం, రాశిగా కొలవడం అనే తేడా దానికి తోడు. ఏ పాత్రతో కొలవాలో, ఎలా కొలవాలో అంగడివాడే నిర్ణయించేవాడు. ఈ అసమానతకు కొనేవారి పక్షాన ఉన్న సర్దుబాటు కొసరు. తూకం ముగిశాక, ధర మారకుండా, అడిగి పుచ్చుకునే గుప్పెడు సరుకు అది. అడగడం కొనేవారి హక్కు, వేయడం అమ్మేవారి మర్యాద. కొసరి కొసరి వడ్డించడం అనే వాడుక ఈ మాట అంగడి నుంచి విస్తరి దాకా వచ్చిందని చెబుతుంది.

తప్పుడు తూకం మీద అనుమానం కొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం తూనికల్లో మోసానికీ, సరుకు కల్తీకీ దండనలు విధించింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో 'విజ్ఞానేశ్వరీయం' రాసిన మూలఘటిక కేతన, నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కనకు తన 'దశకుమారచరిత్ర'ను అంకితమిచ్చినవాడు. అప్పు, వడ్డీ, తాకట్టు వంటి వ్యవహారాలు తెలుగు పద్యంలోకి అంత తొలినాళ్లలోనే రావడానికీ, నాటి వర్తక సమాజానికీ ఉన్న సంబంధం పరిశీలించదగినది.

1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. 1958 నుంచి దశలవారీగా కిలో, లీటరు అమలులోకి వచ్చి, 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. కొలపాత్రలను ఎంచుకునే అధికారం అంగడి నుంచి ప్రభుత్వ ముద్ర ఉన్న ఇనుప గుండుకు బదిలీ అయింది. ఈ మార్పు కొనేవారికి చేసిన మేలు చిన్నది కాదు. అయితే కొలత కచ్చితమైన కొద్దీ కొసరుకు చోటు తగ్గుతుంది. త్రాసు ముల్లు ఊగేంత కాలం గుప్పెడు గింజలకు ఆస్కారం ఉంది. గ్రాముల దాకా అంకెలు చూపే ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక ఆ ఆస్కారం మరింత కుంచించుకుపోయింది.

పాత కొలతలన్నీ ఒకే తీరున నశించలేదు. నెల్లూరు రైతులు నేటికీ ధాన్యం ధరను పుట్టి లెక్కనే చెప్పుకుంటారు. ఆ పుట్టి ఇప్పుడు 850 కిలోలుగా స్థిరపడింది. రైతుకు అవసరమైనందున పుట్టి కిలోలతో రాజీ చేసుకొని బతికింది. సోల, తవ్వలకు ఆ అవసరం కల్పించేవారు లేకపోయారు. పదం నిలవడానికి దాన్ని వాడే సామాజిక వర్గపు బలం ఎంత అవసరమో ఈ తేడా చూపుతుంది.

ధర: బేరం నుంచి ముద్రిత ధరకు

పాత అంగడిలో సరుకుకు పేరు ఊరిని బట్టి, పంటను బట్టి ఉండేది. నెల్లూరు మొలగొలుకులు అంటే బియ్యం గుణం తెలిసినట్టే. అది నిజంగా మొలగొలుకులేనా అన్నదానికి పూచీ అంగడివాడి మాట. ఆ మాటను పరీక్షించే పద్ధతి బేరం. గింజను కొరికి చూడటం, ధర తగ్గించి అడగడం, లేచి రెండడుగులు వేయడం, వెనక్కు పిలిపించుకోవడం అన్నీ అందులో భాగాలు. బోణీ వేళ బేరం ఒక తీరు, దీపాలు పెట్టే వేళ బేరం ఇంకొక తీరు.

ప్యాకెట్టు ఈ సంభాషణను క్రమంగా తగ్గించింది. 1976 నాటి తూనికల చట్టం కింద 1977లో వచ్చిన ప్యాకెట్టు సరుకుల నిబంధనలు తయారీదారు పేరు, బరువు, ధర పైన ముద్రించాలన్నాయి. 1990లో చేసిన సవరణతో అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర అనే పద్ధతి వచ్చింది. ఆనాటి నుంచి ధర చెప్పేది ఎక్కడో ఉన్న కంపెనీ. అంగడివాడు దాన్ని చదివి వినిపించేవాడు మాత్రమే. సరుకు నాణ్యతకు పూచీ కూడా అతని మాట నుంచి అట్ట మీది ముద్రకు మారింది. అమ్మేవాడి మాటకు విలువ తగ్గాక ఆ ప్యాకెట్టును ఎవరి దగ్గర కొన్నా ఒకటే. గొలుసుకట్టు దుకాణానికి కావలసిన నేల ఇక్కడే సిద్ధమయింది.

తీరప్రాంతపు ఉప్పు ఇందుకు మంచి ఉదాహరణ. అల్లూరు సమీపాన ఇసకపల్లి వంటి తీర గ్రామాల్లో ఉప్పు కొటార్లు ఉన్నాయి. ఆ తీరపు రాళ్ల ఉప్పు బస్తాల్లో అంగడికి చేరి, కొలతతో అమ్ముడయ్యేది. అయోడిన్ కలపని ఉప్పును తినే వాడకానికి అమ్మరాదని కేంద్రం 1997లో నిషేధించింది. 2000లో ఆ నిషేధాన్ని ఎత్తివేసి, 2006లో మళ్లీ విధించింది. గొంతువాపు వ్యాధి నివారణ దాని ఉద్దేశం. పర్యవసానంగా, ఉప్పు పండే తీరంలోనే జనం పేరున్న కంపెనీ ఉప్పు ప్యాకెట్టును కొనసాగారు. నూనె విషయమూ ఇటువంటిదే. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె ప్రాణాలు తీశాక, అదే ఏడాది వంటనూనెల ప్యాకింగ్ ఉత్తర్వు వచ్చింది. గానుగ నుంచి డబ్బాలో తెచ్చి గరిటెతో కొలిచి పోసే నూనె చట్టం దృష్టిలో అనుమానాస్పదమయింది. ఈ రెండు నిర్ణయాలకూ ఆరోగ్యమే కారణం. అయినా రెండింటి భారమూ విడి సరుకు మీద బతికే చిన్న అంగడి మీదే ఎక్కువగా పడింది.

ప్యాకెట్టు చరిత్రలో ఒక మినహాయింపు ఉంది. 1980లలో తమిళనాడు నుంచి వ్యాపించిన షాంపూ సాషే, ఆ తరువాత వచ్చిన చిన్న చిన్న సాషేలు అంగడికి ఆయుష్షు పోశాయి. రూపాయి, అర్ధరూపాయి పెట్టి నేటి అవసరం నేడు కొనుక్కునేవారికి ఆ దండలు వేలాడే అంగడే దగ్గరి చోటు. దినకూలీ సంపాదనకూ సాషేకూ మధ్య ఉన్న ఈ పొత్తును కొత్త దుకాణాలు ఇప్పటికీ పూర్తిగా విడదీయలేదు.

గొలుసుకట్టు దుకాణాల రాక

అనేక శాఖల దుకాణం మద్రాసు రాష్ట్రానికి కొత్త కాదు. 19వ శతాబ్దపు మద్రాసులో మొదలైన స్పెన్సర్స్ దొరల అవసరాలు తీర్చింది. 1904లో ఏర్పడిన ట్రిప్లికేన్ పట్టణ సహకార సంఘం మధ్యతరగతివారికి సభ్యత్వ ప్రాతిపదికన నడిచింది. మొదటిది వర్గం చేత, రెండవది సభ్యత్వం చేత పరిమితం. 1996లో ఫుడ్‌వరల్డ్, 1997లో సుభిక్ష మద్రాసులో ప్రారంభమైన తరువాత ఈ పద్ధతి అందరినీ ఆహ్వానించే రూపం దాల్చింది. సుభిక్ష దేశమంతా 1600 దాకా దుకాణాలు తెరిచి 2009లో మూతపడింది. గొలుసులో ఒక కొక్కెం తెగితే అన్ని ఊళ్లలోనూ ఒకేసారి తలుపులు పడతాయని ఆ ఘటన చూపింది. వీధి అంగడి దివాలా తీస్తే ఆ వీధి వరకే నష్టం.

1866లో పురపాలక సంఘంగా, 2004లో నగరపాలక సంస్థగా మారిన నెల్లూరు ఈ విస్తరణకు అనువైన ఊరు. జాతీయ రహదారి, మద్రాసు సామీప్యం, వరితోపాటు రొయ్యల సాగు తెచ్చిన నగదు ఇందుకు తోడయ్యాయి. ట్రంకు రోడ్డు, మాగుంట లేఅవుట్, మినీ బైపాసు పరిసరాలు కొత్త బజారుగా రూపొందాయి. మొదట వస్త్ర దుకాణాలు, నగల దుకాణాలు, ఆ వెనుక వెచ్చాల దుకాణాలు శాఖలు తెరిచాయి. బజారు అంటే చిన్నబజారు అనుకునే అలవాటు పట్టణపు కొత్త పేటల్లో సడలింది.

కొత్త దుకాణం బలం దాని గాజు తలుపుల్లో కన్నా వాటి వెనుక ఉన్న సరఫరాలో ఉంది. అది తయారీదారు దగ్గర పెద్ద మొత్తంలో కొని, తన గిడ్డంగి నుంచి శాఖలకు పంపుతుంది. పప్పు, పిండి వంటి వాటిని సొంత పేరుతో ప్యాక్ చేస్తుంది. దానికి స్టోన్‌హౌస్‌పేటతో పని లేదు. అందువల్ల ఈ పోటీ వీధి అంగడి కన్నా ముందు టోకు వర్తకుడిని, దళారిని, కాటా గుమాస్తాను, బస్తాలు మోసే హమాలీని తాకుతుంది. చర్చల్లో ఎక్కువగా వినిపించేది అంగడి యజమాని గొంతే. ఆ వరుసలోని కూలీల ఊసు అరుదు.

2012 సెప్టెంబరులో బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని కేంద్రం అనుమతించింది. అంగీకరించిన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అదే నెల 20న జరిగిన దేశవ్యాప్త బందులో వర్తక సంఘాలు పాల్గొన్నాయి. ఆనాటి వాదమంతా స్వదేశీ, విదేశీ అనే మాటల చుట్టూ తిరిగింది. నెల్లూరు అంగడికి ఎదురైన పోటీ ప్రధానంగా దేశీయ సంస్థల నుంచే వచ్చింది. పెట్టుబడి పుట్టిన దేశం మీద దృష్టి నిలిపిన చర్చ, సరఫరా స్వభావాన్ని పక్కన పెట్టింది.

నష్టం పరిమాణాన్ని అతిగా చెప్పడమూ సరికాదు. భారత అంతర్జాతీయ ఆర్థిక సంబంధాల పరిశోధన మండలి 2008లో ప్రచురించిన అఖిల భారత అధ్యయనం ప్రకారం ఏడాదికి 4.2 శాతం చిన్న దుకాణాలు మూతపడుతుండగా, వ్యవస్థీకృత దుకాణాల పోటీ కారణంగా మూతపడినవి 1.7 శాతం. దగ్గరగా కొత్త దుకాణం వెలసిన తొలినాళ్లలో అమ్మకాలు, లాభాలు తగ్గాయనీ, కాలక్రమంలో ఆ ప్రభావం పలచబడిందనీ ఆ అధ్యయనం గమనించింది. చిన్న దుకాణానికి మిగిలిన ఆకర్షణలుగా అది పేర్కొన్నవి సామీప్యం, చనువు, బేరం, విడి సరుకు, ఇంటికి చేరవేయడం, అప్పు. పై విభాగాల్లో చూసినట్లు బేరం, విడి సరుకు అప్పటికే బలహీనపడ్డాయి. సామీప్యాన్ని, ఇంటికి చేరవేయడాన్ని తరువాతి కాలంలో ఫోను మీద నడిచే వర్తకం పంచుకుంది. పెద్ద దుకాణం తలకెత్తుకోనిది అప్పు.

ఖాతా

అంగట్లో రోజువారీ జమాఖర్చు రాసేది చిట్టా. మనిషి పేరున పద్దులు కూర్చేది ఆవర్జా. ఇది పారశీకం నుంచి వచ్చిన మాట. ఖాతా ఉండటం అంటే ఆవర్జాలో ఒక పుట ఉండటం. నెల జీతగాళ్లు మొదటి వారంలో, రైతులు పంట చేతికి వచ్చాక, నేతగాళ్లు మజూరీ అందాక తీర్చేవారు. అప్పు తీర్చే గడువు సంపాదన గడువును అనుసరించడం దీని ప్రత్యేకత. బ్యాంకు కార్డు నెల తేదీని గుర్తిస్తుంది. పెన్నా కింద వరి కోతను గుర్తించదు.

తీర గ్రామాల్లో ఇది మరింత స్పష్టం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల పాటు మరపడవల చేపల వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఈ ఏర్పాటు. మైపాడు, జువ్వలదిన్నె వంటి ఊళ్లలో వేట మీదే బతికే ఇళ్లకు ఆ రెండు నెలలూ రాబడి ఆగుతుంది, ఆకలి ఆగదు. 2019లో ప్రభుత్వం ఇచ్చిన 10,000 రూపాయల వేట నిషేధ భృతి ఈ లోటును గుర్తించింది. భృతి చేతికందే రోజుకూ పొయ్యి వెలిగించవలసిన రోజుకూ మధ్య ఉన్న దూరాన్ని దాటించేది అంగడి పుస్తకంలోని పుట. తగ్గింపు ధరలు ఎన్ని ఉన్నా నగదు అడిగే దుకాణం అటువంటి ఇంటికి అక్కరకు రాదు.

ఖాతాను కేవలం దయగా చిత్రించడం చరిత్రకు అన్యాయం. అప్పు మీద వడ్డీ ధరలోనే దాగి ఉండేది. బాకీ ఉన్నవారు వేరే అంగడికి పోలేరు. తూకం తప్పినా, పుచ్చు గింజ వచ్చినా గట్టిగా అడగలేరు. పుస్తకం చదవలేనివారికి పద్దు ఎంత పెరిగిందో యజమాని చెప్పినదే లెక్క. కొసరు అడిగే హక్కు కూడా బాకీతో సన్నగిల్లుతుంది. దీనికి తోడు కుల వివక్ష. అంటరానితనం అమలైన రోజుల్లో దళితులు అరుగు కింద నిలబడి సరుకు అందుకోవలసి వచ్చేది. ప్రవేశం విషయంలో వివక్ష చూపరాదంటూ రాజ్యాంగం 15వ అధికరణ రెండవ భాగం దుకాణాలను పేరుపెట్టి చెప్పడానికి కారణం ఈ అనుభవమే. ఎవరైనా లోపలికి వెళ్లి, సరుకును చేతితో ముట్టి, ఎంచి, బుట్టలో వేసుకునే కొత్త దుకాణపు పద్ధతిలో ఈ దృష్టితో చూస్తే ఒక విడుదల ఉంది. అంగడిని తలచుకొని బెంగపడేవారు ఆ అరుగు ఎవరికి ఎంత ఎత్తులో ఉండేదో కూడా గుర్తుంచుకోవాలి.

ఖాతాకు ప్రత్యామ్నాయాన్ని నెల్లూరు జిల్లా స్త్రీలే ఒకసారి నిర్మించారు. అక్షరదీపం సాక్షరతా కార్యక్రమం నేపథ్యంగా 1992లో దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా వ్యాపించి 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. దాని వెనువెంట జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు వచ్చాయి. రోజుకు రూపాయి చొప్పున కూడబెట్టి, అవసరానికి తమలో తాము అప్పు ఇచ్చుకునే పద్ధతి అది. చదువు, పొదుపు రెండూ ఖాతా పుస్తకం మీద ఆధారపడటాన్ని తగ్గించాయి. ఊళ్లో ఏ అంగడి ఉండాలో ఊరివారు కూడి తేల్చిన సందర్భంగా కూడా దూబగుంటను చదవవచ్చు. ఆ తరువాతి దశాబ్దాల్లో అంగళ్లు మూతపడినప్పుడు అటువంటి నిర్ణయం ఎవరూ చేయలేదు. ఒక్కొక్క ఇల్లు నెలవారీ వెచ్చాలను ఒక్కొక్కటిగా వేరే చోటికి మార్చుకుంది. వాటి మొత్తమే ఫలితమయింది.

ఇక్కడొక వైరుధ్యం ఉంది. నిలకడైన నగదు గల ఇల్లు పెద్ద సరుకులకు కొత్త దుకాణానికి వెళ్లి, మరచిన కొత్తిమీరకూ అగ్గిపెట్టెకూ వీధి అంగడికి వస్తుంది. నగదు లేని ఇల్లు అన్నిటికీ అంగడి పుస్తకాన్నే ఆశ్రయిస్తుంది. చేతిలో సొమ్ము పెట్టి కొనేవారు తగ్గి, అరువువారు మిగిలితే అంగడి తిరుగుబాటు సొమ్ము అడుగంటుతుంది. అంగడివాడు తన టోకు వర్తకుడికి బాకీ పడతాడు. కలవారి ఇంటి నగదే పరోక్షంగా పేదవారి ఖాతాను నిలబెట్టిందన్న సంగతి, ఆ నగదు వెళ్లిపోయాక తేటపడింది. నెల్లూరు అంగడి విషయంలో అసలు నష్టం ఇదే.

సాహిత్యంలో అంగడి

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) కావ్యాలలోని వస్తువుల జాబితాలను, వీధుల వర్ణనలను చరిత్రకు ఆధారాలుగా నిలిపింది. ఓరుగల్లు వీధులను చూపే 'క్రీడాభిరామం', వృత్తుల, సరుకుల పేర్లకు గని వంటి అయ్యలరాజు నారాయణామాత్యుడి 'హంసవింశతి' ఆయనకు ప్రధాన ఆకరాలు. ఆ పద్ధతిని ఆధునిక కాలానికి వర్తింపజేస్తే ఒక అసమతౌల్యం కనిపిస్తుంది. 1990ల తరువాతి తెలుగు సాహిత్యం రైతునూ, నేతగాడినీ, చేతివృత్తులవారినీ కన్నీటితో పలకరించింది. 2002లో 'కుబుసం' చిత్రం ద్వారా ఊరూరా వినిపించిన గోరటి వెంకన్న పల్లె పాట ఆ ధోరణికి పరాకాష్ఠ. అంగడివాడికి ఆ స్థాయి సానుభూతి దక్కలేదు.

కారణం ఊహించదగినదే. సామెతల్లోనూ, కథల్లోనూ వర్తకుడు చిరకాలంగా లోభిగా, వడ్డీలవాడిగా, పరిహాస పాత్రగా స్థిరపడ్డాడు. ఆ చిత్రణలో ఖాతా అనుభవపు చేదు కొంత ఉంది, కుల దూషణ కొంత ఉంది. అభ్యుదయ సాహిత్యం అతణ్ణి దోపిడీ పక్షాన నిలిపింది. గొలుసుకట్టు దుకాణం వచ్చాక అతడే పెద్ద పెట్టుబడి ముందు చిన్నవాడయ్యాడు. ఒకే మనిషి కిందివారికి రుణదాత, పైవారికి రుణగ్రస్తుడు. ఈ రెండు ముఖాలను ఒకే పాత్రలో పట్టడానికి పాత మూస సరిపోదు. నెల్లూరు సీమ మాటను కథాభాషగా నిలిపిన కావలి రచయిత మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', 'పోలేరమ్మ బండ కతలు' వంటి సంపుటాలు చిన్న పట్టణపు ఇంటి లోపలి ఆర్థికాన్ని పిల్లల కంటితో చూపిన తీరు ఈ దిశలో ఉపకరిస్తుంది. కొనే ఇంటి వైపు నుంచి చూసినప్పుడే అంగడి రెండు ముఖాలూ కనిపిస్తాయి.

ముగింపు

నెల్లూరు అంగడి క్షీణతను మూడు మాటల చరిత్రగా చదివితే తేలే విషయాలు ఇవి. కొసరు తగ్గడంలో దశాంశ కొలతల పాత్ర ఉంది. ఆ కొలతలు కొనేవారికి రక్షణ కూడా ఇచ్చాయి. బేరం తగ్గడంలో ముద్రిత ధర పాత్ర ఉంది. అదీ అమాయకుడైన కొనుగోలుదారుకు అండే. ఈ రెండింటి విషయంలో సమాజం ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకుంది. ఖాతా విషయంలో అటువంటి మారకం జరగలేదు. సంపాదన గడువును బట్టి తీర్చుకునే అప్పును కొత్త దుకాణం ఇవ్వదు. పొదుపు సంఘం కొంతవరకు ఇచ్చింది. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అనే ప్రకటన కొసరుకు పోలికగా కనిపించినా, అది కంపెనీ ముందుగా వేసుకున్న లెక్క. ఎదుటి మనిషి మొహం చూసి వేసిన గుప్పెడు కాదు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ప్రారంభించిన మాండలిక వృత్తి పదకోశాలు వ్యవసాయ (1962), చేనేత (1971) పదజాలాలతో మొదలయ్యాయి. వృత్తి మారేలోగా పదాన్ని పట్టుకోవాలన్నదే ఆ కృషి వెనుక ఉన్న తొందర. నెల్లూరు, కావలి, గూడూరు, కోట, అల్లూరు అంగళ్లలో కొలత, తూకం, పొట్లం, పద్దు, బాకీలకు సంబంధించిన మాటలను అదే క్షేత్ర పద్ధతిలో సేకరించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. మాటలతో పాటు పాత చిట్టాలు, ఆవర్జాలు కూడా సేకరణలో చేరాలి. ఏ ఇల్లు ఏ నెలలో ఏమి తిన్నదో, ఏ కోతకు బాకీ తీర్చిందో, ఏ వేట నిషేధంలో పుట నిండిందో వాటిలో ఉంది. అంగడి మూతపడిన ఇంట్లో మొదట తూకానికి పోయే కాగితాలు అవే.